సిరివెళ్ళలో దిగిపోయిన రోజులు

పోయిన వారం మా వీధి చివరింటి కోడలు, ఐదేళ్ళ కూతురిని చంకనెత్తుకుని మా ఇంటికి వచ్చింది. ఆ పాపకు ఇంకా మాటలు రాలేదు, నడక వచ్చింది గానీ చేయి వదిలితే ఉన్నచోటే నిలబడిపోతుంది, బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉందని కర్నూలు డాక్టర్లు చెప్పారట. అంగన్‌వాడీ ఆయమ్మ నా దగ్గరికి పొమ్మందట. మీ తమ్మునికి మీరెట్లా నేర్పించినారు పెద్దమ్మా అని గుమ్మంలో నిలబడే అడిగేసింది. లోపలికి పిలిచి, కాఫీ ఇచ్చి, నాకు తెలిసిందంతా చెప్పాను. గౌను గుండీలతో మొదలుపెట్టమ్మా, అన్నీ నువ్వే పెట్టి చివరిది మాత్రం పాపకు వదిలెయ్యి అని చేసి కూడా చూపించాను. ఆమె వెళ్ళిపోయాక మిషను ముందు కూర్చున్నానే గానీ కాలు ఆడలేదు. జాకెట్టు గుడ్డ సూది కింద అట్లాగే ఉండిపోయింది, నా మనసు మాత్రం ఎక్కడో పాతికేళ్ళ వెనక నంద్యాల బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉంది.

మాది ఆళ్ళగడ్డ. నన్ను పగిడ్యాలలో ఇచ్చారు, కాపురం ముచ్చటగా మూడేళ్ళు కూడా సాగలేదు, ఆయన జ్వరంతో పోయారు, పిల్లాజెల్లా లేని నేను ఒక ట్రంకుపెట్టె, ఒక కుట్టుమిషనుతో పుట్టింటికి తిరిగి వచ్చాను. అప్పటికే నాయన లేరు. అమ్మ, నేను, నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాడైన తమ్ముడు. వాడు పుట్టినప్పుడు ఏడవలేదని, ఆ మాట మంత్రసాని చెప్పగానే అమ్మకు గుండె జారిపోయిందని ఎన్నోసార్లు విన్నాను. నడక ఆలస్యం, మాట ఆలస్యం, బడిలో ఒకటో తరగతి దాటలేదు. అహోబిలంలో మొక్కులయ్యాయి, దర్గాలో తాయెత్తులయ్యాయి, అన్నీ అయ్యాక ఒక డాక్టరు దీన్ని బుద్ధిమాంద్యం అంటారమ్మా, ఇది జబ్బు కాదు, మందు లేదు, నేర్పిస్తే నేర్చుకుంటాడు అన్నాడు. మందు లేదన్న మాట ఒక్కటే అమ్మ చెవిన పడింది. ఊళ్ళో వాళ్ళు డాక్టరు దాకా పోకుండానే పిచ్చోడని పేరు పెట్టేశారు. ఊరికి ఒక మాట దొరికితే చాలు, ఇక మనిషిని చూడటం మానేస్తుంది. ఆ మాట అన్నవాళ్ళ జాకెట్లు నేను కుట్టేదాన్ని కాదు, నా కోపం అంతవరకే చెల్లేది.

మన ఈడు వాళ్ళకు చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో ఇటువంటి బిడ్డ ఇంట్లో ఉంటే దాచుకోవడమే ప్రేమ. అమ్మ వాడికి పాతికేళ్ళు వచ్చేదాకా స్నానం చేయించింది, తల దువ్వింది, ముద్ద కలిపి నోట్లో పెట్టింది. పక్కన రోడ్డు పొడవునా శిల్పాల షెడ్లలో ఉలి చప్పుడు వినిపిస్తుంటే వాడు గడపలో కూర్చుని ఆ చప్పుడుకు తగ్గట్టు తల ఊపుతూ పొద్దుపుచ్చేవాడు. అమ్మకు ఒకటే దిగులు, నా తర్వాత వీడెట్లా అని. నేనున్నాను కదమ్మా అంటే, నీ తర్వాత? అని నా మొహంలోకి చూసేది. ఆ ప్రశ్న నా మీద వదిలిపెట్టే అమ్మ వెళ్ళిపోయింది.

అమ్మ కర్మ అయిపోయిన కొద్దిరోజులకు, జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన నంద్యాల ఆవిడ ఒకరు, ఇటువంటి పిల్లలకు పనీపాటా నేర్పే కేంద్రం మా పక్కనే పెట్టారని చెప్పింది. తమ్ముడిని వెంటబెట్టుకుని మరుసటి రోజే పోయాను. నంద్యాల ఊరు ఇంకా రాకముందే, ఆళ్ళగడ్డ నుంచి వచ్చే రోడ్డు మీద, పెద్ద పత్తి మిల్లు ఒకటి ఉండేది, దానికి ఎదురు సందులో రెండు గదుల రేకుల ఇల్లు, ముందొక వరండా. అదే కేంద్రం. నడిపేది ఒక సన్నపాటి టీచరమ్మ. నంద్యాల మనిషే, పట్నంలో ఈ చదువు చదివి వచ్చింది. పిల్లలను ఎన్నడూ పల్లెత్తు మాట అనేది కాదు, తిట్లన్నీ మాకే.

మొదటి రోజే వాడి చొక్కా విప్పించి మళ్ళీ తొడగమంది. నేను అలవాటుగా పైనుంచి గుండీలు పెడుతూ వస్తున్నాను. ఆఖరి గుండీ దగ్గర నా చేతి మీద ఒక్కటేసింది. అది వాడికి వదిలెయ్యమంది. వాడు తడుముకున్నాడు, జారిపోయింది, మళ్ళీ తడుముకున్నాడు. పక్కనుంచి చూస్తుంటే నా ప్రాణం ఉసూరుమంటోంది. చాలాసేపటికి గుండీ కాజాలో దూరింది. వాడు తల ఎత్తి చూసిన చూపు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. టీచరమ్మ అప్పుడు చెప్పింది.

"కడాది వాడు పెట్టుకుంటే అంగీ వాడే తొడుక్కున్నెట్లమ్మా. మొదుటిది పెట్టుకుంటే ఏముంది, ఇంగా నాలుగు మిగిలినెట్ల."

అక్కడ నేర్పే పద్ధతంతా అదే. ఏ పనైనా చివరి నుంచి వెనక్కి. తట్ట, అంటే అన్నం తినే కంచం, కడగడమంటే అన్నీ మేము చేసి, కడిగిన తట్టను బోర్లించడం వాడికి వదలాలి. అది వచ్చాక నీళ్ళు పోయడం, ఆ తర్వాత తోమడం. ప్రతి పనిలోనూ పని పూర్తి చేసిన తృప్తి వాడిది, ముందున్న చాకిరీ మాది. ఇక రెండో పద్ధతి చేయి తీసేయడం. మొదట చేయి మీద చేయి వేసి చేయించాలి, కొన్నాళ్ళకు మణికట్టు ముట్టుకోవాలి, ఆ తర్వాత మోచేయి, ఆ తర్వాత ఊరికే పక్కన నిలబడాలి, ఆ పైన గది బయటికి పోవాలి. ఇరవయ్యేళ్ళుగా కుట్టుపని చేస్తున్నదాన్ని, చేతికి పని నేర్పడం తెలుసు గానీ చేతికి మానుకోవడం నేర్పడం ఎంత కష్టమో అక్కడే తెలిసింది. వాడి కాలరు మడత పడితే నా వేళ్ళు వాటంతటవే లేచేవి. టీచరమ్మ దూరం నుంచే కళ్ళతో నా వేళ్ళను కిందికి దించేది.

పిల్లలు లోపల నేర్చుకుంటుంటే మేము వరండాలో కూర్చునేవాళ్ళం. ఎక్కువగా తల్లులు, నేనొక్కదాన్నే అక్కను. మహానంది నుంచి కూతురిని తీసుకుని వచ్చే ఒకామె నాకు బాగా చేరువైంది. వాళ్ళకు అరటితోట ఉంది, వచ్చినప్పుడల్లా పళ్ళు తెచ్చి వరండా అంతా పంచేది, నేను జొన్నరొట్టెలు, నంజుకోను ఊరుబిండి పచ్చడి తీసుకుపోయేదాన్ని. బయటి లోకంలో మేము ఎవరికీ చెప్పుకోలేని మాటలు అక్కడ ఏ సిగ్గూ లేకుండా చెప్పుకునేవాళ్ళం. పెళ్ళిళ్ళకు ఎవరూ పిలవరని, పిలిచినా ఒక్కదానివే రమ్మంటారని, రాత్రి నిద్రలో లేచి బిడ్డ ఊపిరి చూసుకుంటామని. ఒకామె మొదలుపెడితే మిగిలింది ఇంకొకామె పూర్తి చేసేది. నా జీవితంలో నాకు స్నేహితులంటూ ఉన్నది ఆ వరండాలోనే.

చొక్కా, తట్ట, స్నానం అయ్యాక టీచరమ్మ బస్సు మాట ఎత్తింది. ఆళ్ళగడ్డ నుంచి వాడొక్కడే రావాలంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. బస్సు కూడా గుండీల లెక్కే, చివరి నుంచి వెనక్కి నేర్పాలి. మొదట మిల్లు దగ్గర ఇద్దరం దిగి, నేను రోడ్డు మీదే ఆగిపోవాలి, సందులోకి వాడొక్కడే నడిచి పోవాలి. అది కుదిరాక నేను బస్సులోనే కూర్చోవాలి, వాడొక్కడే దిగాలి. దిగే చోటు గుర్తుకు ఆ పత్తి మిల్లు పచ్చరంగు గేటును చూపించాం, ఏనుగంత గేటు, ఆమడ దూరం నుంచి కనపడేది. పచ్చగేటు వస్తే దిగు, రాకుంటే దిగవద్దు. ఆ ఒక్క మాట వాడికి ఎన్నిసార్లు చెప్పామో. అదీ కుదిరాక నేను సిరివెళ్ళలోనే దిగిపోవడం మొదలుపెట్టాను. అక్కడి నుంచి నంద్యాల దాకా వాడొక్కడే. సాయంత్రం కేంద్రం వాళ్ళు బస్సెక్కిస్తే ఆళ్ళగడ్డ బస్టాండులో నేను దింపుకునేదాన్ని.

సిరివెళ్ళలో నాకు ఏ పనీ లేదు. ఎవరూ తెలిసినవాళ్ళు లేరు. బస్సు కదిలిపోయాక దాని వెనక దుమ్ము అణిగేదాకా చూసి, ఎదురుగా ఉన్న టీ బంకు బల్ల మీద కూర్చునేదాన్ని. ఆళ్ళగడ్డ పోయే బస్సు వచ్చేదాకా అక్కడే. ఆ బంకు ఆవిడ కొన్నాళ్ళు ఊరికే చూసింది, ఉండబట్టలేక ఒకనాడు అడిగేసింది.

"ఏమ్మా, దినామూ ఈడ దిగుతాండావు, మల్లా ఎనక్కి పోతాండావు, చీరల యాపారమేమన్నా చేస్తాండావా?"

మా తమ్ముడిని బస్సులో వదిలిపోతున్నానని చెప్తే ఆమెకేం అర్థమవుతుంది, అవునమ్మా అన్నాను. చీరలేవీ అంది. అమ్ముడుపోయినాయన్నాను. ఆ రోజు మొదలు నన్ను గొప్ప వ్యాపారస్తురాలిని చూసినట్టు చూసేది. ఆ తర్వాత సిరివెళ్ళ కాదు, బత్తలూరు. బత్తలూరు తర్వాత ఆళ్ళగడ్డ బస్టాండు. ఒక్కొక్కటిగా నా ప్రయాణం తగ్గుతూ వచ్చి, ఆఖరికి ఒక సోమవారం పొద్దున మా గడప దగ్గర ఆగిపోయింది. వాడు క్యారియరు పట్టుకుని వీధి మలుపు తిరిగాడు, వెనక్కి చూడలేదు. చూడవద్దని నేర్పింది మేమే. ఇంట్లోకి వచ్చాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వాడు లేని ఇల్లు నేను అంతవరకూ ఎరగను. మిషను తొక్కబోతే దారం తెగింది, అన్నం వండబోతే ఎవరికని అనిపించింది. ఇంకొకటి కూడా అప్పుడే తట్టింది, ఇక ఆ వరండాకు పోవడానికి నాకు వంక లేదు.

దసరా సెలవుల తర్వాత వచ్చింది కష్టం. మిల్లుల్లో ఆయుధ పూజకు యంత్రాలు కడిగి, గోడలకు సున్నం కొట్టి, గేట్లకు కొత్త రంగులు వేస్తారని మనకెవరికి తెలియదు? కానీ మాలో ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు. పచ్చగేటు నీలం గేటు అయింది. పైగా ఆ రోజు రోజూ వచ్చే నంద్యాల బస్సు రాలేదు, వాడిని ఎరిగిన కండక్టరు లేడు, వచ్చింది నంద్యాల మీదుగా డోన్ పోయే బస్సు. పక్క కిరాణా కొట్టుకు కేంద్రం నుంచి ఫోను వచ్చింది, మీవాడు ఇంకా రాలేదని. చేతిలో కత్తెర ఎక్కడ పడేశానో తెలియదు. నంద్యాల చేరుకుని, మిల్లు ముందు నుంచి బస్టాండు దాకా, బస్టాండు నుంచి మళ్ళీ మిల్లు దాకా, కనపడిన వాళ్ళనల్లా అడుగుతూ తిరిగాను. నీ తర్వాత? అని అమ్మ అడిగింది గానీ, నేను ఉండగానే పోగొట్టుకుంటానని ఆమె కూడా అనుకుని ఉండదు. టీచరమ్మ నా వెంటే తిరుగుతూ ఆగిన ప్రతి బస్సూ ఎక్కి చూసి దిగింది.

సాయంత్రం పొద్దు వాలుతుండగా డోన్ బస్సు తిరిగి వచ్చి బస్టాండులో ఆగింది. కిటికీ పక్క సీట్లో మా తమ్ముడు. పొద్దున కూర్చున్న సీట్లోనే, ఒళ్ళో క్యారియరు మూత తీయకుండా. బస్సు డోన్ పోయింది, జనమంతా దిగిపోయారు, బస్సు వెనక్కి తిరిగింది, వాడు మాత్రం కదలలేదు. కండక్టరు పాపం మంచివాడు, టీ తాగించాడు. "యాడ దిగల్లప్పా అంటే పచ్చగేటు అంటాడమ్మా. ఏ ఊరు పచ్చగేటని అడిగితే పలకడు. దింపితే యాడికి పోతాడోనని నా బస్సులోనే పెట్టుకోని తిప్పుతాండా" అన్నాడు. నేను వాడి తల గుండెకు అదుముకుని ఏడుస్తుంటే వాడు నా భుజం మీదుగా బయటికి చూస్తూ నాతో ఫిర్యాదు చేశాడు.

"పచ్చగేటు రాల్యా అక్కా."

వాడు ఏ తప్పూ చేయలేదు. రాకుంటే దిగవద్దన్నాం, దిగలేదు. అన్నం కేంద్రంలో గంట కొట్టాకే తినాలన్నాం, తినలేదు. ఆకలి వేయలేదా అంటే వేసిందన్నాడు. ఆ రాత్రి మా పెదనాయన ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, తువ్వాలు దులిపి తేల్చేశాడు. "ఇంగ సాలు పాపా. ఇంట్లో కుచ్చోబెట్టి ఇంత బువ్వ పెట్టు. వాని రాత అంతే" అన్నాడు. ఆయన మాట కాదనే వాళ్ళు మా ఇంటా వంటా లేరు. అంతకంటే, కాదనాలని నాకే అనిపించలేదు. వాడు మళ్ళీ గడపలో కూర్చుంటాడు, నేను మిషను తొక్కుకుంటూ వాడిని చూసుకుంటాను, ఇద్దరికీ ఒక్క కుండలో అన్నం. ఆ ఊహ ఎంత హాయిగా ఉండిందో మీతో కాకపోతే ఎవరితో చెప్పుకుంటాను.

పొద్దున నేను లేచేసరికి వాడు స్నానం చేసి, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, ఖాళీ క్యారియరు పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు. ఈ రోజు పోవద్దులే అన్నాను. వాడు క్యారియరు నా ముందుకు చాపి, బస్సొస్తాది అక్కా అన్నాడు. అంతకు ముందు వాడు ఏదీ కావాలని అడిగిన మనిషి కాదు, పెట్టింది తినేవాడు, తొడిగింది తొడుక్కునేవాడు. మొట్టమొదటిసారి వాడొకటి కోరాడు, అది నా దగ్గర లేనిది. చిత్రాన్నం కలిపి క్యారియరు నింపాను. పెదనాయన సంవత్సరం పాటు నాతో మాట్లాడలేదు.

టీచరమ్మ మళ్ళీ మొదటి నుంచి, అంటే చివరి నుంచి, నేర్పింది. ఈసారి గేటు కాదు, కండక్టరును అడగడం. మిల్లు కాడ దింపన్నా అనే ఆ మూడు మాటలు వాడి నోట పలికించడానికి చలికాలం అంతా పట్టింది. నేను మళ్ళీ సిరివెళ్ళలో దిగాను, బంకు ఆవిడ చీరలు మళ్ళీ వచ్చినాయా అంది, మళ్ళీ బత్తలూరు, మళ్ళీ గడప. ఆ తర్వాత వాడు తప్పిపోలేదు. కేంద్రంలో విస్తరాకులు అద్దే మిషను పెట్టారు, వాడి చేయి దానికి బాగా కుదిరింది. ఇంకొన్నేళ్ళకు టీచరమ్మ నంద్యాలలోనే ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, మావాడితో కలిపి ఎదిగిన నలుగురు మగపిల్లలను ఒక వంటామెను తోడుపెట్టి అందులో ఉంచింది. ముందు శనివారం రాత్రులు అలవాటు చేయమంది. మొదటి శనివారం వాడు ఏడుస్తాడని, ఫోను వస్తుందని, బట్టలు మార్చుకోకుండా కూర్చున్నాను. ఫోను రాలేదు.

ఇప్పుడు వాడికి యాభై దాటాయి, ఆ నంద్యాల ఇంట్లోనే ఉంటున్నాడు, తల నాకంటే ముందే నెరిసింది. టీచరమ్మ వయసు మీద పడి కూతురి దగ్గరికి పోయింది, కేంద్రాన్ని వేరే వాళ్ళు నడుపుతున్నారు. మహానంది ఆమె ఎక్కడుందో తెలియదు, పిల్లలు నేర్చుకున్న కొద్దీ వరండా ఖాళీ అయింది, మేము ఒకరి చిరునామా ఒకరం అడిగి తీసుకోలేదు, రేపు కలుస్తాం కదా అనుకునేవాళ్ళం. రోడ్డు వెడల్పయింది, సిరివెళ్ళ ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు దాటిందో తెలియకుండా బస్సులు పోతున్నాయి. శిల్పాల షెడ్లలో కూడా ఉలి చప్పుడు తగ్గింది, రాయి కోసే మిషన్ల రొదలో తల ఊపడానికి ఏ తాళమూ లేదు. ఇటువంటి బిడ్డలను ఇప్పుడు దాచుకోవడం లేదు, వీధి చివరి కోడలి లాగా చంకనెత్తుకుని దారి అడుగుతూ బయలుదేరుతున్నారు. అది చూస్తే సంతోషంగానే ఉంటుంది.

పోయిన నెల అమ్మ తద్దినానికి వాడు వచ్చాడు. ఒక్కడే బస్సు దిగి వచ్చాడు, అమ్మ పటానికి దండం పెట్టాడు, భోంచేసి తట్ట కడిగి బోర్లించాడు. సాయంత్రానికి నేను వాడికి పక్క వేస్తుంటే చూసి సంచి భుజాన వేసుకున్నాడు. ఈ రాత్రి ఉండరా అన్నాను. "రేపు విస్తర్లు పోవల్ల అక్కా, నాదే డ్యూటీ. ఇంటికి పోతాండా" అన్నాడు. నా కాళ్ళు ముట్టుకుని, చెప్పులు తొడుక్కుని, పోయాడు. వేసిన పక్కను మళ్ళీ ఎత్తలేదు, దాని పక్కనే కూర్చున్నాను. నా తర్వాత వాడెట్లా బతుకుతాడో అని అమ్మ దిగులుపడింది, ఆమె వెనక నేను దిగులుపడ్డాను, ఆ దిగులుతోనే గుండీ గుండీకీ చేయి తీసేసుకుంటూ వచ్చాను. తన తర్వాత బిడ్డ ఎట్లా ఉంటాడో చూసే భాగ్యం ఏ తల్లికీ ఉండదు. నాకు దక్కింది. నేనింకా ఉన్నాను, నా తర్వాత వాడు ఎట్లా ఉంటాడో చూస్తున్నాను, వాడు బాగున్నాడు.